మా ల్యాబ్‌లో పుట్టిన కంపెనీ: ప్రొఫెసర్ మాట వినాలా, పలాస మిల్లు మాట వినాలా?

బోర్మా బాబు (ఆదివారం రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే గాని రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పేలా లేదు.

మాది మందస పక్క పల్లె. విజయనగరం జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేశాను. అక్కడి ల్యాబ్‌లో తయారైన తేమ సెన్సార్‌ని బయటికి తెచ్చి మూడేళ్ళ కిందట కంపెనీ పెట్టాం. ఇలాంటిదాన్ని యూనివర్సిటీ స్పిన్ ఆఫ్ అంటారు. మా సార్, నేను, నా జూనియర్లు ఇద్దరు. కాలేజీకి కొంచెం వాటా.

పలాస వాళ్ళకి చెప్పక్కర్లేదు గాని మిగతావాళ్ళ కోసం చెప్తాను. జీడిపిక్కలు ఉడకబెట్టి, చల్లార్చి, తొక్క కోసి పప్పు తీస్తారు. ఆ పప్పుని ట్రేలలో పోసి బోర్మా అనే వేడి గదిలోకి తోస్తారు. 70 డిగ్రీల వేడి, ఆరేడు గంటలు. ఎక్కువ ఆరితే పొర వలిచేటప్పుడు పప్పు రెండు బద్దలవుతుంది. తక్కువ ఆరితే పొర ఊడదు, చాకుతో గీకాలి. నిండు పప్పుకీ బద్దకీ కిలోకి ఎంత తేడానో కాశీబుగ్గ బజార్లో ఎవర్ని అడిగినా చెప్తారు. పప్పులో తేమ ఎంతుందో బయట తెర మీద అంకెల్లో చూపించడం మా మిషను పని.

ల్యాబ్‌లో అర శాతం అటూ ఇటూగా చెప్పింది. పరిశోధన పేపర్ వచ్చింది, బహుమతి వచ్చింది, సార్‌కి శాలువా కప్పారు. మిల్లులో పెట్టాక రెండో నెలకల్లా తప్పు చెప్పడం మొదలెట్టింది. విప్పి చూస్తే లోపల పప్పుని తాకి తేమ కొలిచే రేకుల మీద నల్లగా, బంకలా ఒక పొర. బోర్మాకి వేడి కోసం కాల్చేది జీడి తొక్కే కదా, ఆ పొగలో ఉన్న జీడి నూనె అంటుకుపోయింది. గుడ్డతో తుడిస్తే పోలేదు, నా వేళ్ళే పొక్కాయి.

పదకొండు మిషన్లు పెట్టాం. డబ్బులిచ్చింది నలుగురు. జీతాలకి ఇంకో ఎనిమిది నెలలు వస్తాయి.

సార్ ఏమంటారంటే, ఈ రేకుల పద్ధతి వదిలేద్దాం, పరారుణ కాంతితో ముట్టుకోకుండా కొలుద్దాం, పెద్ద సంస్థతో కలిసి ప్రాజెక్టు రాద్దాం, రెండేళ్ళలో అవుతుంది అని. మిల్లు యజమాని ఒకాయన ఏమంటాడంటే, "బాబూ, నీ అంకెలు నాకెందుకు. ట్రే ఎప్పుడు తీయాలో గంట కొట్టు, చాలు." ఇంకోవైపు బోర్మాలు తయారుచేసే ఒక కంపెనీ మా సెన్సార్ తమకి మాత్రమే ఇస్తే డబ్బు పెడతామంటోంది.

ఎవరి చెయ్యి పట్టుకోవాలి? రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇలాంటివి చూసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

మోడరేటర్ (ఆదివారం రాత్రి 11:15)

కాలేజీ పేరు, ఆ బోర్మాల కంపెనీ పేరు తీసేశాను బాబు గారూ. మిగతాదంతా అలాగే ఉంచాను.

పొందూరు పోగు (సోమవారం ఉదయం 6:20)

యూనివర్సిటీ స్పిన్ ఆఫ్ అంటే ఏదో అనుకున్నాను. స్పిన్ అంటే వడకడం కదా, మా ఊళ్ళో అందరం స్పిన్ ఆఫ్‌లమే అన్నమాట.

జోకు పక్కన పెడితే, మా దగ్గర పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ పళ్ళ సందులో గింజా, నలుసూ చిక్కుకుని పీచు సాఫుగా వస్తుంది. నా చిన్నప్పటి నుంచీ దాని బదులు ప్లాస్టిక్ దువ్వెన, ఇనప దువ్వెన పట్టుకొచ్చినవాళ్ళని చూస్తూనే ఉన్నాను. మా నాయనమ్మ ఒకదాన్ని జడ దువ్వుకోడానికి వాడింది. కాబట్టి మీ మిల్లు యజమాని గంట అడిగితే ఆ గంట ఎందుకు అడిగాడో ముందు కనుక్కోండి.

అడయార్ తమ్ముడు (సోమవారం ఉదయం 9:05)

మాది రాజాం. ప్రస్తుతం చెన్నైలో, ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్‌లో ఒక కంపెనీలో పని. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

ముందు ఒక తేడా. స్టూడెంట్లు పెట్టిన ప్రతి స్టార్టప్పూ స్పిన్ ఆఫ్ కాదు. యూనివర్సిటీ పరిశోధనలో పుట్టిన జ్ఞానమే సరుకుగా బయటికి వచ్చిన కంపెనీ స్పిన్ ఆఫ్. అందుకే దానికి పుట్టింటి బంగారమూ ఉంటుంది, పుట్టింటి బెంగా ఉంటుంది. ఏ చిక్కు వచ్చినా ల్యాబ్ వైపే చూస్తుంది. బాబు అన్నా, మీ సార్ చేస్తున్నది అదే. తప్పనడం లేదు, ఆయనకి తెలిసిన దారి అది.

ఇక్కడ పెద్దవాళ్ళు ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. 1990లలో ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా గారి టెనెట్ బృందం కార్‌డెక్ట్ అనే వైర్‌లెస్ టెలిఫోన్ చేసింది. పల్లెకి తీగ లాగే ఖర్చు లేకుండా ఫోన్ ఇవ్వాలని. అయితే ల్యాబ్ ఒక్కటే చేయలేదు. ఆ బృందంతో కలిసి పనిచేసేలా పాత విద్యార్థులు మైడాస్ అనే కంపెనీ పెట్టారు. చిప్పుల కోసం అమెరికాలోని అనలాగ్ డివైసెస్‌తో కలిశారు. ఐడియా ఒకరిది, చిప్పు ఒకరిది, పెట్టె ఇంకొకరిది. తర్వాత మొబైల్ వచ్చి దాన్ని మింగేసింది, అది వేరే సంగతి. కానీ ఆ అలవాటు మిగిలింది. 2010లో ఈ పార్క్ మొదలయ్యాక కంపెనీవాళ్ళూ ప్రొఫెసర్లూ ఒకే ప్రాంగణంలో తిరుగుతున్నారు. మా దగ్గర సగం పనులు క్యాంటీన్ టేబుల్ దగ్గర తేలిపోతాయి, అతిశయోక్తి కాదు.

అగ్నికుల్ అనే రాకెట్ల కంపెనీ చూడండి. 2017లో పుట్టింది. రాకెట్ ఇంజన్‌ని ఒకే ముక్కగా త్రీడీ ప్రింట్ చేసింది. ల్యాబ్ బలం లేకపోతే అది అయ్యేది కాదు. అలాగే ఇస్రో చోటివ్వకపోతే 2024 మే 30న శ్రీహరికోట నుంచి ఎగిరేదీ కాదు.

నా అనుభవంలో అసలు కొత్తది, ఎవరూ చేయనిది కావాలంటే చదువుల వాళ్ళు కావాలి. ఉన్నదాన్ని పనికొచ్చేలా మలచాలంటే కొనేవాడు, సరుకిచ్చేవాడు కావాలి. కొనేవాడి మాట ఒక్కటే విని కూర్చుంటే గంటలమ్ముకునే కంపెనీ అవుతుంది. పరారుణం మంచి దారే, సార్‌ని వదలకండి.

కాశీబుగ్గ కిట్టయ్య (సోమవారం మధ్యాహ్నం 1:30)

బాబూ, నీ పోస్టు మా అమ్మాయి చదివి వినిపించింది. ఇది కూడా తనే టైపు చేస్తోంది, నేను చెప్తున్నాను. నాది చిన్న మిల్లు, ఇరవై ఏడేళ్ళుగా నడుపుతున్నాను. నువ్వు చెప్పిన మిల్లు నాది కాదులే. అయినా వింటుంటే నాదే అనిపించింది.

కాలేజీవాళ్ళు వస్తారు. కారు దిగుతారు. ఆడవాళ్ళు పిక్కలు కొడుతుంటే ఫొటోలు తీసుకుంటారు. "మీ సమస్య ఏంటండీ" అంటారు. చెప్తాం. రాసుకుంటారు, టీ తాగుతారు. ఒక కాగితం మీద సంతకం పెట్టి స్టాంపు వేయమంటారు. ఆ తర్వాత కనబడితే ఒట్టు. ఆ కాగితాన్ని ఎంఓయూ అంటారట, కలిసి పనిచేస్తామనే ఒప్పందమట. నా బీరువాలో నాలుగున్నాయి, కావాలంటే ఫొటో పెడతాను.

చెన్నై తమ్ముడు గంటలమ్ముకునే కంపెనీ అన్నాడు. గంట చిన్న మాట కాదు నాయనా. రాత్రి రెండు గంటలకి బోర్మా దగ్గర ఉండేది ఒక్క మనిషి. వాడు అంకె చూసి, ఇది నాలుగా, అయిదా, తీయాలా వద్దా అని లెక్క కట్టే మనిషైతే నా దగ్గరెందుకుంటాడు? తీయమంటే తీస్తాడు. పొరపాటైతే ఒక్క రాత్రిలో నాకు పోయేది నీ మిషను ఖరీదు కన్నా ఎక్కువ.

ఇంకో మాట. నీ మిషను ఏ పిక్క మీద నేర్చుకుంది? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టి మా ఉద్దానం ప్రాంతంలో జీడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. అంతకు ముందూ ఇక్కడి పిక్క చాలేది కాదు, ఆ తర్వాత మరీను. ఆఫ్రికా పిక్క తెచ్చుకుంటున్నాం. ఒక లోడు ఒకలా ఉంటుంది, ఇంకో లోడు ఇంకోలా. మన పిక్కా అదీ ఒకేలా ఆరవు. ఈ సంగతి నీకెవరైనా చెప్పారా?

బోర్మా బాబు (సోమవారం మధ్యాహ్నం 2:10)

కిట్టయ్య గారూ, దండం. ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. మా మావయ్య తోటలో కాసిన ఒక్క బస్తా పిక్కలతోనే సెన్సార్‌ని సరిచేసుకున్నాం. 80 కిలోలు. మూడేళ్ళ పరిశోధన మొత్తం ఆ బస్తా మీదే నడిచింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

పాతపట్నం మాస్టారు (సోమవారం సాయంత్రం 5:50)

సిగ్గుపడకు నాయనా. నేను ముప్పై మూడేళ్ళు ఫిజిక్స్ చెప్పాను, ప్రయోగశాలలో ఒకే లోలకంతో.

ఇలాంటి చర్చ ఎక్కడ జరిగినా ఎవరో ఒకరు స్టాన్‌ఫర్డ్, గూగుల్ అంటారు. ఆ ముచ్చట నేనే తీర్చేస్తాను. పేజీలకు ర్యాంకులిచ్చే ఆ పద్ధతి మీద పేటెంటు స్టాన్‌ఫర్డ్ పేరిటే ఉండేది. దాన్ని వాడుకోనిచ్చినందుకు యూనివర్సిటీ 18 లక్షల షేర్లు పుచ్చుకుంది. 2005లో అమ్మితే 33.6 కోట్ల డాలర్లు వచ్చాయి. ఈ లెక్క చూసి మన కాలేజీలు కూడా మొదటి రోజునే వాటా సంగతి ఎత్తుతాయి. అయితే అక్కడ 1980 నుంచి చట్టం ఉంది, ప్రభుత్వ సొమ్ముతో చేసిన పరిశోధన మీద హక్కు యూనివర్సిటీ ఉంచుకోవచ్చని. మన దగ్గర అలాంటి బిల్లు 2008 డిసెంబరులో రాజ్యసభకి వచ్చింది గాని చట్టం కాలేదు. కాబట్టి మన కాలేజీల్లో ఏ కాలేజీ రూలు దానిదే. నీ కాగితాలు ఒకసారి నిదానంగా చదువుకో.

కిట్టయ్య గారి బీరువా గురించి ఒక మాట. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద పరిశోధనకని ఎంతమంది వచ్చారో లెక్క లేదు. నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తం తీసుకెళ్ళారు. మా చుట్టాలింట్లో ఒకే మనిషికి మూడుసార్లు తీశారు. ఫలితం ఏమొచ్చిందో తిరిగొచ్చి చెప్పినవాళ్ళు లేరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, సంతోషం. కానీ ఈ ప్రాంతం మనిషి నోట్‌బుక్ పట్టుకున్నవాణ్ణి చూడగానే ఎందుకు ముఖం తిప్పుకుంటాడో నువ్వు తెలుసుకోవాలి. భాగస్వామ్యం అనే మాట ఇక్కడ ఆ అప్పు తీర్చడంతో మొదలవుతుంది.

పైడిభీమవరం షిఫ్ట్ (మంగళవారం ఉదయం 7:40, నైట్ డ్యూటీ దిగి)

మాది మందుల కంపెనీ, నేను ఆర్ అండ్ డీలో. నిద్రమత్తులో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

అడయార్ తమ్ముడు చెప్పినదానికి ఇంకో ఉదాహరణ. క్యాన్సర్‌కి కార్ టీ చికిత్స అని ఒకటుంది. రోగి రక్తంలోంచే కణాలు తీసి, వాటికి క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టడం నేర్పి, తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో దాని ఖరీదు మూడు కోట్ల పైమాటే. ఐఐటీ బాంబేలో రాహుల్ పుర్వార్ గారి ల్యాబ్‌లో మన దేశపు చికిత్స తయారైంది, దాన్ని బయటికి తేవడానికి 2018లో ఇమ్యునోయాక్ట్ అనే కంపెనీ పుట్టింది. ల్యాబ్ ఒక్కటే ఉంటే అది ఎలుకల దగ్గర ఆగిపోయేది. టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు మొదటి నుంచీ పక్కనే ఉన్నారు, రోగుల మీద పరీక్షలు వాళ్ళే నడిపించారు. 2021లో మన మందుల కంపెనీ లారస్ ల్యాబ్స్ అందులో వాటా కొంది. 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. మొదట్లో ఇక్కడి ఖరీదు దాదాపు 40 లక్షలు. మనలాంటివాళ్ళకి అదీ ఎక్కువేననుకోండి.

నేను దీన్నుంచి పట్టుకున్నది ఒక్కటే. ఆసుపత్రి డబ్బిచ్చే భాగస్వామి కాదు. ఏ రోగికి పనిచేసింది, ఎవరికి జ్వరం వచ్చింది, ఏ డోసు ఎక్కువైంది, ఇవన్నీ రోజూ చెప్పే భాగస్వామి. బాబు గారికి అలాంటి ఆసుపత్రి ఏది? కిట్టయ్య గారి బోర్మాయే కదా!

బోర్మాల కంపెనీ ఆఫర్ గురించి. మా దగ్గర దీన్ని రోజూ చూస్తాం. "మాకు మాత్రమే" అనే మాట దగ్గర పెన్ను ఆపండి. ఇస్తే జీడిపప్పు వరకే ఇవ్వండి. రేపు మీ సెన్సార్ పసుపుకో, వేరుశనగకో పనికొస్తే అది మీ చేతిలో ఉండాలి. గడువు రెండేళ్ళు చాలు. ఏడాదికి ఇన్ని మిషన్లు అమ్మకపోతే హక్కు వెనక్కి వచ్చేస్తుందని రాయించండి. లేకపోతే కొని అటక మీద పెట్టేస్తారు. కళ్ళారా చూశాను.

నాగావళి (మంగళవారం రాత్రి 9:25)

నేను పీహెచ్‌డీ చేస్తున్నాను, శ్రీకాకుళం వైపే. ఇంతసేపూ ప్రొఫెసర్, కంపెనీ, మిల్లు అంటున్నారు. మధ్యలో ఉండే స్టూడెంటు మాట ఎవరూ ఎత్తలేదు.

మా ల్యాబ్ నుంచి కూడా ఒక కంపెనీ వచ్చింది. మొదట్లో అందరికీ ఉత్సాహం. తర్వాత నా పని గ్రాఫులు సెమినార్‌లో చూపించొద్దన్నారు, కంపెనీ రహస్యమట. పేపర్ పద్నాలుగు నెలలు ఆగింది. ఆగినందుకు నాకు షేర్లేమైనా ఇచ్చారా అంటే లేదు. ఫెలోషిప్ గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఇంట్లో పెళ్ళి టెన్షన్ దానికి అదనం.

నేను కంపెనీలకి వ్యతిరేకం కాదు. మిల్లుకెళ్ళి వచ్చిన రోజున నాకు వచ్చినన్ని ప్రశ్నలు లైబ్రరీలో నెల కూర్చున్నా రాలేదు. కానీ బాబు గారూ, కొత్త భాగస్వామితో కాగితం రాసుకునేటప్పుడు స్టూడెంట్లు ఏది ఎప్పుడు ప్రచురించుకోవచ్చో కూడా రాయండి. మీ జూనియర్లు ఇద్దరూ పీహెచ్‌డీలో ఉన్నారా?

బోర్మా బాబు (మంగళవారం రాత్రి 9:50)

ఒకరు ఉన్నారు. మీరు రాసింది ఆ అబ్బాయికి చూపించాను. ఏం మాట్లాడలేదు. అదే సమాధానమని అర్థమైంది.

పేటెంట్ పంతులు (బుధవారం ఉదయం 11:00)

నాగావళి గారి చిక్కు చాలావరకు తప్పించుకోదగినదే. పేపర్ ముందు అచ్చయితే కొత్తదనం పోతుంది, పేటెంటు రాదు. అది నిజం. కానీ దానికి పద్నాలుగు నెలలు ఆపక్కర్లేదు. ముందు తాత్కాలిక దరఖాస్తు వేయాలి. ఉన్నంతవరకు వివరంగా రాసి ఇస్తే ఆ రోజు తేదీ మనదవుతుంది. పూర్తి దరఖాస్తుకి 12 నెలల టైముంటుంది. మర్నాడే పేపర్ పంపుకోవచ్చు, ఆ దరఖాస్తులో రాసిన సంగతి వరకు. స్టార్టప్‌లకీ విద్యాసంస్థలకీ ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలు, పెద్ద కంపెనీలకైతే 8,000. మనవాళ్ళు ఆపేది ఫీజుకి భయపడి కాదు, బద్ధకానికి.

వాటా సంగతి మాస్టారు అన్నారు. 2019లో కేంద్ర విద్యాశాఖ, ఏఐసీటీఈ (సాంకేతిక విద్య చూసే మండలి) తెచ్చిన స్టార్టప్ పాలసీలో కాలేజీ తన వంతు సాయానికి 2 నుంచి 9.5 శాతం వరకు వాటా తీసుకోవచ్చని ఉంది. అంతకు మించి అడిగితే ఆ పేజీ తీసి చూపించండి.

అడయార్ తమ్ముడు (బుధవారం మధ్యాహ్నం 12:20)

కిట్టయ్య గారూ, గంటలమ్ముకోవడం అన్నందుకు క్షమించండి. ఆఫ్రికా పిక్క సంగతి చదివాక నా పోస్టు మళ్ళీ చదువుకున్నాను. పరారుణం పెట్టినా అదే బస్తా మీద నేర్చుకుంటే అదీ తప్పే చెప్తుంది.

అయినా ఒక్క మాట మీద నిలబడతాను. ఐఐటీ బాంబే ప్రొఫెసరూ విద్యార్థులూ కలిసి 2007లో పెట్టిన సెడెమ్యాక్ ఉంది. ఇంజన్లని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెలు చేస్తుంది, టీవీఎస్ లాంటి పెద్ద కంపెనీల బళ్ళలో వాడతారు. బండి కంపెనీ అడిగేది చప్పుడు లేకుండా స్టార్ట్ అవ్వాలి, ధర పెరక్కూడదు అనే. అది వాళ్ళ గంట. ఆ గంట మోగించడానికి లోపల నడిచిన లెక్కలు పీహెచ్‌డీ స్థాయివి. గంట అడిగినవాడికి గంటే ఇవ్వండి, లోపల ఏముండాలో తేల్చడానికి మాత్రం మీ సార్ కావాలి.

కాశీబుగ్గ కిట్టయ్య (బుధవారం సాయంత్రం 6:45)

క్షమాపణలెందుకు తమ్ముడూ. రాజాం వాళ్ళతో మాకు వియ్యం కూడా ఉంది.

బాబూ, నువ్వు నా మిల్లుకి రా. సంతకాలు పెట్టించుకోడానికి కాదు, పడుకోడానికి రా. రాత్రి పదింటికి ట్రేలు లోపలికెళ్తాయి, తెల్లారి బయటికొస్తాయి. నాలుగు రాత్రులు ఉండు. మంచం వేయిస్తాను. దోమలకి మాత్రం నాది పూచీ కాదు.

బోర్మా బాబు (మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 8:30)

ఆలస్యమైంది, మన్నించండి. నాలుగు రాత్రులని వెళ్ళి తొమ్మిది రాత్రులున్నాను.

మొదటి మూడు రాత్రులూ మా మిషనునే చూస్తూ కూర్చున్నాను. నాలుగో రాత్రి ఒక సంగతి కంటపడింది. బోర్మా దగ్గర అబ్బాయి ఎంత తలుపు తీసి చూసినా, ట్రే బయటికి రావాలా వద్దా అన్నది తేల్చేది అతను కాదు. పొర వలిచే సెక్షన్‌లో ఒక పెద్దావిడ ఉంది, అందరూ మామ్మా అంటారు. ఆవిడ తెల్లారుజామున వస్తుంది. ట్రేలోంచి ఒక గుప్పెడు పప్పు తీసి రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చెవి దగ్గర ఆడిస్తుంది. అంతే. "ఇంకా ముద్దగా ఉంది, లోపలెట్టు" అనో, "గలగలమంటోంది, తీసేయ్" అనో చెప్తుంది. వేలితో నలిపి చూడడం ఆ తర్వాత, అదీ అనుమానం ఉంటేనే.

ఆఫ్రికా పిక్కయినా, మన పిక్కయినా ఆవిడ అలాగే చూస్తుంది. నేను అడిగాను, మామ్మా, రెండిటికీ చప్పుడు ఒకటేనా అని. "దాని గొంతు దానిదే బాబూ. తడిగా ఉన్నప్పుడు ఏదైనా మూగదే" అంది.

ఆ మాట దగ్గర నాకు బుర్ర తిరిగింది. మూడేళ్ళుగా రేకుల మీద బంక ఎలా పోగొట్టాలా అని కొట్టుకుంటున్నాం. చప్పుడు వినడానికి పప్పుని తాకక్కర్లేదు. పొగ అంటుకోకుండా మైకుని బయట పెట్టుకోవచ్చు. తొమ్మిది రాత్రుల్లో ఫోన్‌లో 212 గుప్పిళ్ళు రికార్డు చేశాను. ప్రతి గుప్పెడూ సంచిలో కట్టి, పేరు రాసి, ల్యాబ్‌కి తెచ్చి ఓవెన్‌లో ఆరబెట్టి తేమ తూచాను.

సార్‌కి చూపించాను. తిడతారనుకున్నాను. రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇది మన సబ్జెక్టు కాదురా, ధ్వని తెలిసినవాళ్ళు కావాలి" అన్నారు. పరారుణం ప్రాజెక్టు ఆపలేదు, ఆయన రాస్తూనే ఉన్నారు. కానీ మొదటిసారి మా కాలేజీ గోడ దాటి ఇంకొకరు కావాలన్నారు. అది నాకు పెద్ద సంగతి.

బోర్మాల కంపెనీకి పైడిభీమవరం అన్న చెప్పినట్టే రాసి పంపాను. జీడిపప్పు వరకే, రెండేళ్ళే, ఏడాదికి ఇన్ని అమ్మాలి. ఇంకా జవాబు రాలేదు.

బొబ్బిలి తీగ (శనివారం రాత్రి 9:10)

ఇన్నాళ్ళూ చదువుతూనే ఉన్నాను, ఇప్పుడు ఆగలేకపోయాను. మా వీధిలో వీణలు చేస్తారు. పనస దుంగ మీద వేలితో తట్టి విని, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని పక్కన పడేస్తారు. చెక్క ఆరిందో లేదో కూడా వినే చెప్తారు. మీ మామ్మని ఒకసారి మా ఊరు తీసుకురండి, బాగా కుదురుతుంది.

నాగావళి (శనివారం రాత్రి 9:40)

బాబు గారూ, మా డిపార్ట్‌మెంట్‌లో మాటల్ని గుర్తుపట్టే పని చేసే ల్యాబ్ ఉంది. ధ్వనిని ముక్కలు చేసి ఏ పౌనఃపున్యం ఎంతుందో చూడడం మాకు రోజూ పనే. మా మేడమ్‌ని అడిగాను, సరే అన్నారు. రెండు షరతులు. 212 రికార్డింగులూ తేమ లెక్కలతో సహా ఇవ్వాలి. పంతులు గారు చెప్పినట్టు మీరు ముందు దరఖాస్తు వేసుకోండి, వేసిన మర్నాటి నుంచి నన్ను పేపర్ రాసుకోనివ్వాలి.

ఇంకోటి. రికార్డింగులన్నీ ఒకే ఫోన్‌తో చేశారా? ఒకే మనిషి చేతులతో ఆడించారా? మామ్మ చేతులు కాక మీ చేతులతో ఆడిస్తే చప్పుడు మారిపోతుంది. ట్రేనే ఆడించే ఏర్పాటు ఉండాలి, ప్రతిసారీ ఒకే ఊపుతో.

పాతపట్నం మాస్టారు (ఆదివారం ఉదయం 6:15)

అమ్మాయి సరైన ప్రశ్న వేసింది. ఒకే ఊపు అనేదే ఇక్కడ అసలు ప్రయోగం. నా లోలకం ఇంకా ఇంట్లోనే ఉంది, కావాలంటే పట్టుకెళ్ళు.

పేటెంట్ పంతులు (ఆదివారం ఉదయం 10:30)

దరఖాస్తు వేసేముందు ఒక ముడి విప్పుకోవాలి. పరంపరగా తెలిసిన జ్ఞానానికి మన చట్టంలో పేటెంటు రాదు, మూడో సెక్షన్ అదే చెప్తుంది. చెవి దగ్గర ఆడించి వినడం మామ్మకి తెలిసిన విద్య, దాన్ని మీ కంపెనీ తనదనలేదు. ట్రేని ఒకే ఊపుతో ఆడించి, మైకుతో విని, పొగా మోటారు రొదా తీసేసి, పిక్క రకాన్ని బట్టి తీర్పు చెప్పే ఏర్పాటు వేరు. అది మీరు కట్టినదైతే మీది.

మామ్మ సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఆవిడకేమిస్తున్నారు?

బోర్మా బాబు (ఆదివారం మధ్యాహ్నం 3:00)

నాగావళి గారూ, మీ రెండు షరతులకీ సరే. ఒకే ఫోనే, కానీ చేతులు రెండు రకాలు. మామ్మవి 140, నావి మిగతావి. విడదీసి ఇస్తాను.

పంతులు గారూ, మీ ప్రశ్న నిన్నటి నుంచి నా బుర్రలోనూ ఉంది. ఉదయమే వెళ్ళి అడిగాను. ప్రతి మిషను మీదా కొంత మీకిస్తాం మామ్మా, కాగితం రాస్తాం, పేరు కూడా వేస్తాం అన్నాను. మీ మిషను వస్తే నన్ను మాన్పించేస్తారా అని ముందు అడిగింది. కిట్టయ్య గారు పక్కనే ఉండి, మిషను తప్పు చెప్తే దిద్దడానికి నువ్వే ఉండాలి అన్నారు. అప్పుడు కాసేపు ఆలోచించి, డబ్బు సంగతి మా మనవడొచ్చాక మాట్లాడతాను అంది. పేరు సంగతి పట్టించుకోలేదు. "ముందు ఆ ట్రేలకి చక్రాలు పెట్టించండి బాబూ, మోయలేక నడుం పోతోంది" అంది.

కాశీబుగ్గ కిట్టయ్య (ఆదివారం సాయంత్రం 4:20)

చక్రాలు నేను పెట్టిస్తాను, అది నీ ఖాతాలో రాయకు. మనవడు సంక్రాంతికి వస్తాడు, అప్పుడు నువ్వూ రా. ఈలోగా నాగావళమ్మని గురువారం తీసుకురా. కొత్త లోడు దిగుతోంది, ఆఫ్రికాదే. ఆ ఆడించే మిషనేదో ఉంటే పట్టుకురండి. లేకపోతే వెల్డింగ్ అబ్బాయి ఉన్నాడు, ఇక్కడే చేయించేద్దాం.